మాటల మూలాలు – 6వ పాఠం: కూటమి, పొత్తు, ఫ్రంట్

పోయిన పాఠంలో క్రియ నుంచి నామవాచకం ఎలా వస్తుందో చూశాం: ఆడు–ఆట, పాడు–పాట. ఈసారి ఎన్నికల మాటలు పట్టుకుందాం.

‘కూటమి’ని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు. పక్కన ‘ఓటమి’ని పెట్టండి. ఓడు–ఓటమి, కూడు–కూటమి. ‘డ’ కాస్తా ‘ట’ అయింది, చివర ‘మి’ చేరింది. కలిమిలో, చెలిమిలో ఉన్నదీ ఆ ‘మి’యే. కూడడమంటే కలవడం. పాత కావ్యాల్లో కూటమి అంటే ప్రేయసీప్రియుల కలయిక. పార్టీల చేతికి చాలా ఆలస్యంగా చిక్కింది, పాపం.

ఇక్కడే జారిపడతారు. మన సీమలో అన్నాన్ని కూడు అంటాం కదా, కడపలో సంగటి ముద్ద ముందు కూర్చున్నవాళ్లకు ‘కలిసి కూడు తినేదే కూటమి’ అని తడుతుంది. వినసొంపుగానే ఉంటుంది గానీ తప్పు. తమిళం చూస్తే తేలిపోతుంది: కలవడానికి అక్కడ ‘కూడు’, జావకు ‘కూళ్’. ఆ ‘ళ్’ నాలుక బాగా మడిచి పలికేది. మూలాలు రెండు, తెలుగులోకి వచ్చేసరికి ఒకే రూపమయ్యాయి. రెండు మాటలు ఒకేలా వినబడితే, చుట్టరికం కలిపేముందు పక్క భాషలో వాకబు చేయాలి.

తిండితో నిజంగా సంబంధమున్నది పొత్తుకు. పొత్తున కుడవడమంటే కలిసి తినడం. పొలంలోనూ అంతే: గట్టు మీద ఇద్దరు రైతులు పొత్తున బోరు వేయించుకుంటారు. కరెంటు వచ్చే వేళకు మోటారు వంతు ఎవరిదన్న దగ్గర టెన్షన్ మొదలు. ‘పొత్తుల మగడు పుచ్చి చచ్చె’ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

సంకీర్ణ ప్రభుత్వం అంటామే, ఆ సంకీర్ణం సంస్కృతం. చల్లడమనే అర్థమున్న ధాతువుకు ‘సం’ చేరి కలగాపులగమైంది. సంకరం కూడా దాని తోబుట్టువే.

కర్నూలు రాజధానిగా ఉండగా, 1955 ఎన్నికలకు కాంగ్రెస్, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ కలిసి నిలబడ్డాయి. పేరు ఐక్య కాంగ్రెస్ ఫ్రంట్. ఫ్రంట్ మూలం లాటిన్‌లో నుదురు. యుద్ధంలో శత్రువుకు ఎదురునిలిచే వరుస మీదుగా రాజకీయాల్లోకి వచ్చింది.

గమనించారా, ఈ మాటల్లో దేనిలోనూ ‘కొన్నాళ్లకే’ అన్న అర్థం లేదు. అది పక్కనున్న క్రియలో దాక్కుంటుంది. పొత్తు కుదురుతుంది, చెడుతుంది. కూటమి కడతారు, చీలుతుంది. సంకీర్ణమైతే కూలిపోతుంది, అదేదో మిద్దె అయినట్టు.

అభ్యాసం: ఈ వారం జిల్లా పేపర్లో ఈ మాటల వెంట వచ్చిన క్రియలు రాసుకోండి. లేమి, బలిమి దేని నుంచి వచ్చాయో విడగొట్టండి. వచ్చే పాఠం ముఠా.