పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసి లినక్స్ మింట్ వేసుకోవడం: ముందు ఆ పాత డిస్కు జాగ్రత్త

మా ఇంట్లో 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే 500 జీబీ హార్డ్‌డిస్కు. విండోస్ 10 ఉండేది. బటన్ నొక్కి వెళ్లి టీ పెట్టుకుని వచ్చేసరికి డెస్క్‌టాప్ కనబడేది, టీ తాగడం అయ్యేసరికి మౌస్ కదిలేది. దానికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌కి పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా గడువు, అంతే. విండోస్ పదకొండుకి వెళ్దామంటే అది టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్పు) అడుగుతుంది, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవాటినే ఒప్పుకుంటుంది. షాపు కుర్రాడు "ఏం పర్లేదన్నా, ఎలాగోలా వేసిచ్చేస్తా" అన్నాడు. వేస్తాడు కూడా, కాకపోతే అలా దొడ్డిదారిన వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది.

ఇలాంటి మిషన్ మీ దగ్గరా ఉంటే ఇది మీకోసమే. విండోస్ తీసి, దాని బదులు లినక్స్ మింట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం ఎలాగో, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) ఒక్క ముక్క టైపు చేయక్కర్లేకుండా రాస్తాను.

ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మనకందరికీ నూరిపోసిన సూత్రం ఒకటుంది కదా, ఫార్మాట్ కొట్టిస్తే సి డ్రైవ్ ఒక్కటే పోతుంది, డి లో ఈ లో ఉన్నవి భద్రం అని. షాపుల్లో అలాగే చేస్తారు కాబట్టి అది నిజమే అనుకుంటూ పెరిగాను. మొదటిసారి లినక్స్ వేస్తున్నప్పుడు "డిస్కు చెరిపేసి ఇన్‌స్టాల్ చెయ్యి" అన్న వరుస కనబడింది, సరే సి డ్రైవే కదా అని నొక్కాను. డిస్కు అంటే మొత్తం డిస్కండీ. సి, డి, ఈ అన్నీ ఒకే డిస్కు మీద గీసిన గీతలు, గీతలతో సహా తుడిచేసింది. అక్క పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. చుట్టాలందరి ఫోన్ల నుంచీ ఏరుకొచ్చి కొన్ని కూడబెట్టాం, మిగిలినవి పోయినట్టే. ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా అక్క ఆ మాట ఎత్తుతుంది.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక్కటే చెప్తాను. విండోస్ ఉన్న డిస్కు మీద చేయి వేయొద్దు. ఒకే డిస్కులో విండోస్‌నీ లినక్స్‌నీ పక్కపక్కన పెట్టడం, అదే డ్యుయల్ బూట్, పైకి తెలివైన పనిలా కనిపిస్తుంది కానీ డిస్కుని పార్టిషన్లుగా, అంటే ముక్కలుగా కోయడం, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపడం, బూట్ వరుస సరిచూసుకోవడం లాంటి తలనొప్పులన్నీ అందులోనే ఉన్నాయి. విండోస్‌లోకి వెళ్లగానే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించడం కూడా చాలామందికి అనుభవమే, ఎందుకంటే లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమే అనుకుని చదువుతుంది. ఈ గొడవంతా ఎందుకు, 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్కు) ఒకటి కొని పాత డిస్కు స్థానంలో పెట్టండి. పాతది విండోస్‌తో సహా బీరువాలో పెట్టేయండి. లినక్స్ నచ్చలేదా, నాలుగు స్క్రూలు విప్పి పాతది పెడితే మళ్లీ మీ ఇల్లు మీకే. పైగా పాత ల్యాప్‌టాప్ నత్తనడకకి సగం కారణం ఆ తిరిగే డిస్కే, కాబట్టి ఎస్ఎస్‌డీ డబ్బులు ఎటూ వృథా కావు.

వెళ్లకూడనివాళ్లు ఎవరు

ఇది దాచిపెట్టి లినక్స్ గొప్పలు చెప్పడం నాకు నచ్చదు. ట్యాలీ మీద రోజూ పనిచేసేవాళ్లు విండోస్ వదలొద్దు. అనూ స్క్రిప్ట్, పేజ్‌మేకర్‌తో డీటీపీ చేసేవాళ్లు అసలు వదలొద్దు, అనూ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా కనిపించే పద్ధతి) కావు, మీ పాత ఫైళ్లు లినక్స్‌లో తెరిస్తే అడ్డదిడ్డమైన గుర్తులు కనిపిస్తాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చి టెండర్లు, రిటర్నులు వేసేవాళ్లకీ విండోస్ ఉంటేనే ప్రాణం హాయిగా ఉంటుంది. ఫొటోషాప్, మ్యాక్రోలు నిండిన ఎక్సెల్ షీట్లు, వాలరెంట్ లాంటి ఆటలు కూడా ఇదే లెక్క. వైన్ అని ఒకటుంది, దానితో విండోస్ ప్రోగ్రాములు నడుస్తాయి అంటారు. కొన్ని నడుస్తాయి, కానీ కడుపు నింపే పనిని దాని మీద పెట్టకండి.

బ్రౌజర్, మెయిలు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, పిల్లల చదువు, ఉత్తరాలు, లెక్కల షీట్లు, కోడింగ్. మీ పని ఇంతలోనే ఉంటే నిశ్చింతగా రావచ్చు.

విండోస్‌లో ఉండగానే సగం మారిపోండి

ఒక నెల రోజులు ఆగండి. విండోస్‌లోనే వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రెఆఫీస్, ఇంకా ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, ఫొటోలు దిద్దడానికి గింప్ వేసుకుని వాటితోనే పని లాగించండి. ఈ నాలుగూ లినక్స్‌లోనూ ఇవే. లినక్స్ వేసుకున్న వారానికే విసిగిపోయి వెనక్కెళ్లినవాళ్లను చూశాను, వాళ్లని విసిగించింది లినక్స్ కన్నా వర్డ్ మెనూ వేరేలా ఉండటం. రెండు కొత్తలు ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు.

ఈ నెలలోనే ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు బయటి డిస్కులోకో క్లౌడ్‌లోకో కాపీ చేసుకోండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు సింక్ అయ్యాయో లేదో చూసుకోండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, అది కాగితం మీద రాసి పెట్టుకోండి, అది లేకుండా ఆ డిస్కు వేరేచోట తెరుచుకోదు.

పెన్‌డ్రైవ్ తయారీ

ఏ లినక్స్ వేయాలి అని నలుగుర్ని అడిగితే ఐదు పేర్లు చెబుతారు. కొత్తవాళ్లకి మింట్ చాలు, వాదన పెట్టుకోకండి. ఉబుంటు అనే మరో లినక్స్ పునాది మీద కట్టినదే, కింద టాస్క్‌బార్, మూలన మెనూ, అన్నీ మన చేతికి అలవాటైన చోటే ఉంటాయి. ఇప్పుడున్న 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అందులో డెస్క్‌టాప్ తీరుని బట్టి మూడు రకాలున్నాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్, 4 జీబీనే అయితే ఎక్స్ఎఫ్‌సీఈ తీసుకోండి. మధ్యలో మాటే అని ఒకటుంది, దాని గురించి ఇప్పుడు ఆలోచించకండి.

మింట్ సైటు నుంచే ఐఎస్ఓ ఫైలు (మింట్ మొత్తం అందులోనే ఉంటుంది) దించుకోండి, మూడు జీబీకి అటూఇటూ ఉంటుంది. ఎవరో పంపిన లింకు నుంచి వద్దు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే ఖాళీ చేసి, బెలీనా ఎచర్ అనే చిన్న ప్రోగ్రాముతో ఐఎస్ఓని దాని మీదకి రాయండి. మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే బూట్ అవ్వదు, ఇది చాలామంది చేసే తప్పు.

ల్యాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ (ఏ డిస్కు నుంచి మొదలవ్వాలో ఎంచుకునే పట్టిక) మీట టకటకా నొక్కాలి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే కానీ ముందు బయాస్‌లోకి (ల్యాప్‌టాప్ మూల సెట్టింగులు) వెళ్లి దాన్ని ఆన్ చేయాల్సి రావచ్చు.

కొనకముందే చూసుకోండి

పెన్‌డ్రైవ్ నుంచి తెరుచుకున్న మింట్ మీ డిస్కుని ముట్టుకోదు. ఎస్ఎస్‌డీ కొనడానికి ముందే ఈ పరీక్ష పెట్టండి. వైఫై దొరుకుతుందా, పాట పెడితే స్పీకర్ మోగుతుందా, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు జరిపితే పేజీ కదులుతుందా, వెలుతురు పెంచే తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా, కెమెరా కనిపిస్తోందా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా. చివరిది ముఖ్యం, చాలామంది చూడరు. వేగం మాత్రం ఇక్కడ చూడకండి, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి ఈడుస్తుంది.

వైఫై రాకపోతే కంగారు వద్దు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్పులకి డ్రైవర్ విడిగా కావాలి, ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అందులో చాలావరకు దొరుకుతుంది.

ప్రింటర్ కూడా ఇప్పుడే గుచ్చి చూడండి. హెచ్‌పీవి ఎక్కువగా ఇబ్బంది పెట్టవు. మన జిరాక్స్ షాపుల్లో అంతటా కనిపించే కెనన్ ఎల్‌బీపీ2900 లాంటి వాటికి ప్రత్యేకమైన డ్రైవర్ కావాలి, దాన్ని లినక్స్‌లో దారికి తేవడం కొత్తవాళ్ల పని కాదు.

ఎక్కించడం

డిస్కు మార్చడం మీకు చేతకాకపోతే షాపులో చేయించండి, కానీ రెండు మాటలు ముందే గట్టిగా చెప్పండి: కొత్తదాంట్లో ఏమీ వేయొద్దు, పాతది నాకు ఇచ్చేయాలి. చెప్పకపోతే అలవాటు కొద్దీ ఏదో ఒక విండోస్ వేసి చేతిలో పెడతారు.

తర్వాత పని ఇరవై నిమిషాలు. పెన్‌డ్రైవ్‌తో తెరిచి డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. భాష ఇంగ్లిషే ఉంచమని నా సలహా, తెలుగు మెనూలు సగం తెలుగు సగం ఇంగ్లిషుగా ఉండి గూగుల్‌లో వెతుక్కోవడానికి అడ్డొస్తాయి. కీబోర్డు దగ్గర ఇంగ్లిష్ ఇండియా, రూపాయి గుర్తు ఉన్నది ఎంచుకుంటే కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కగానే ₹ పడుతుంది. మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. ఇప్పుడు వస్తుంది నన్ను ముంచిన ఆ వరుస, డిస్కు చెరిపేసి ఇన్‌స్టాల్. ఈసారి లోపలున్నది ఖాళీ ఎస్ఎస్‌డీ ఒక్కటే కాబట్టి ధైర్యంగా నొక్కొచ్చు. టైమ్ జోన్ కోల్‌కతా. పాస్‌వర్డు గుర్తుండేది పెట్టుకోండి, ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా అడుగుతుంది.

మొదటి రోజు పనులు

అప్‌డేట్ మేనేజర్ తెరిచి అన్నీ దించుకోండి. టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీయండి, తర్వాత ఏదైనా చెడగొట్టుకుంటే సిస్టమ్‌ని ఈ రోజుకి తిప్పుకోవచ్చు. ఒక్క సంగతి, అది సిస్టమ్‌నే దాస్తుంది, మామూలుగా మీ ఫొటోల్ని ముట్టదు. వాటి బ్యాకప్ వేరే.

ప్రోగ్రాములు కావాలంటే సైట్లలో వెతికి దించుకునే అలవాటు మానేయండి, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి, ఫోన్‌లో ప్లే స్టోర్ లాంటిదే. వెబ్ యాప్స్ అని ఒకటుంది, దాంతో వాట్సాప్ వెబ్‌ని మెనూలో యాప్‌లా పెట్టుకోవచ్చు. నెట్‌లో ఎవరో "సుడో" అని మొదలయ్యే లైను ఇచ్చి అతికించమంటే, అది ఏం చేస్తుందో అర్థమయ్యేదాకా అతికించొద్దు. సుడో అంటే ఇంటి తాళాలు చేతికివ్వడమే.

తెలుగు చదవడానికి ఏమీ చేయక్కర్లేదు, ఒత్తులు గుణింతాలు సరిగ్గానే కనిపిస్తాయి. టైపింగ్‌కి రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు కీబోర్డు) వచ్చినవాళ్లు కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌కి వెళ్లి తెలుగు కలుపుకుంటే అయిపోయింది. "అమ్మ" కోసం ఇంగ్లిషు అక్షరాలు కొట్టే అలవాటున్నవాళ్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుని, ఇన్‌పుట్ మెథడ్ అన్నచోట ఐబస్‌ని ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి రండి. అప్పుడు ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్, పోతన అని టైపింగ్ పద్ధతులు వరుసగా కనిపిస్తాయి. లేఖిని సైటులో రాసిన చేయి అయితే ఆర్‌టీఎస్ పట్టుకోండి, ఒక పూటలో అలవాటైపోతుంది. విండోస్‌లో గూగుల్ టూల్ ఊహించి పదాలు చూపించినట్టు ఇది చూపించదు, మీరు కొట్టిందే పడుతుంది. నాకైతే అదే హాయి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు కావాలంటే ఫైలు దించుకుని రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అనడమే.

వర్డ్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి, పట్టికలు కాస్త జరగొచ్చు. వర్డ్‌లోని కాలిబ్రీ ఫాంటు స్థానంలో అదే కొలతలున్న కార్లిటో వాడుతుంది కాబట్టి మామూలు ఉత్తరాలు పెద్దగా చెదరవు. ఎవరికైనా రెజ్యూమె పంపేటప్పుడు మాత్రం పీడీఎఫ్ చేసే పంపండి.

ఇక బీరువాలో ఉన్న పాత డిస్కు. ఒక యూఎస్‌బీ కేసింగ్ కొని అందులో పెట్టి గుచ్చితే మింట్ దాన్ని మామూలు పెన్‌డ్రైవ్‌లా తెరుస్తుంది, బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలు అడుగుతుంది. కావలసినవి కాపీ చేసుకోండి కానీ ఆరు నెలల దాకా దాన్ని ఫార్మాట్ కొట్టకండి. ఆ ఆరు నెలల్లో విండోస్ కోసం ఒక్కసారి కూడా స్క్రూడ్రైవర్ తీయలేదంటే, అప్పుడు చెరిపి ఫొటోల బ్యాకప్‌కి వాడుకోండి. మాది అక్క పెళ్లి ఫొటోల్లో దొరికినవాటికి వాడుతున్నాం.