డర్ట్ బైకు పని నేర్చుకుందాం - 6: వెనుక ఇరుసు నట్టు బిగింపు

కిందటి పాఠంలో చైను వదులు సరిచేసి, ఇరుసు నట్టును చేతి బిగింపు మీదే ఉంచి ఆపాం. బండి ఇంకా స్టాండు మీదే ఉందనుకుంటాను. ఈలోగా ఎవరైనా నడిపి ఉంటే మళ్లీ కొలతల దగ్గర నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇరుసు ఊడిపోకుండా ఆపడమే ఈ నట్టు పని అనుకుంటాం. అదొక్కటే అయితే ఇంత బిగింపు అక్కర్లేదు. నట్టు బిగిసేకొద్దీ ఇరుసు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగినది వెనక్కి ముడుచుకోవాలని లాగుతుంది. ఆ లాగుడు స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) రెండు కొసలను, చైను వదులు సరిచేసే అడ్జస్టర్ దిమ్మలను, స్పేసర్లను (ఎడం కోసం వేసే పొట్టి గొట్టాలు), బేరింగుల లోపలి వలయాలను, హబ్బు (చక్రం నడిమి భాగం) మధ్యలో దాక్కున్న గొట్టాన్ని కలిపి ఒకే కడ్డీలా అదిమి పడుతుంది. ఆ అదుముడు చాలకపోతే గతుకుల్లో ఇరుసు ఒక పక్క జరుగుతుంది, చైను వంకరగా నడిచి స్ప్రాకెట్ పళ్లను ఒక వైపు నుంచి అరగదీస్తుంది. మరీ ఎక్కువైతే మర చుట్లు దెబ్బతింటాయి, లేదా లోపలి గొట్టం నలిగి బేరింగుల మీద పక్క ఒత్తిడి పడుతుంది.

కొత్తలో నేను పానాకు పైపు తొడిగి, ఇక కదలదనిపించే దాకా బిగించాను. నిజంగానే కదలలేదు, విప్పాల్సిన రోజున కూడా. చివరికి నట్టుతో పాటు ఇరుసు మర కూడా ఊడి వచ్చింది.

మోటోక్రాస్ (మట్టి దారి పందేల) బళ్లలో చాలావాటికి ఈ బిగింపు 80 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది, పక్క బండి అంకె మీకు పనికిరాదు. 100 న్యూటన్ మీటర్లంటే 25 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 41 కిలోల బరువు వేలాడదీసినట్టు. అర మీటరు రెంచ్ అయితే అందులో సగం చాలు. చేతి అందాజు మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే: పానా పొడవు మారితే అందాజూ మారిపోతుంది. టార్క్ రెంచ్ (పెట్టిన బిగింపు అంకె రాగానే టక్కుమనే పానా) తెచ్చుకోండి, అరువైనా సరే.

మర చుట్లలో మట్టి ఉంటే మీ బలంలో కొంత రాపిడికే పోతుంది. రెంచ్ టక్కుమంటుంది గానీ అదుముడు రాదు. నూనె పూస్తే దీనికి వ్యతిరేకంగా, అదే అంకె దగ్గర అదుముడు ఎక్కువైపోతుంది. కాబట్టి మరను బ్రష్షుతో శుభ్రం చేయండి. గ్రీజు ఇరుసు ఒంటికి పలుచగా పూయండి, మాన్యువల్ చెబితే తప్ప మరకు వద్దు. మీ ఇరుసు నట్టు లాక్ నట్టు (దానంతట అది వదులు కాకుండా మరను పట్టుకునే నట్టు) అయితే దాన్ని వేళ్లతో తిప్పి చూడండి. చివరి దాకా హాయిగా వెళ్లిపోతే దాని పట్టు అయిపోయింది, కొత్తది వేయాలి.

ఇక అసలు మెలకువ. నట్టు బిగిసే ఆ చివరి అర చుట్టులో ఇరుసు వెనక్కి జరగవచ్చు, మీరు కష్టపడి పెట్టిన చైను కొలత తప్పుతుంది. దాన్ని ఆపడానికి ఒక పాత గుడ్డ చాలు. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. గుడ్డను లావుగా మడిచి, పై చైను వెనుక స్ప్రాకెట్ మీదికి ఎక్కే చోట, చైనుకూ పళ్లకూ మధ్య పెట్టండి. వేళ్లు తీసేసి, టైరు పట్టుకుని చక్రాన్ని వెనక్కి తిప్పండి. గుడ్డ లోపలికి వెళ్లి ఇరుక్కుంటుంది, చైను వీణ తీగలా బిగుస్తుంది, ఇరుసు ముందుకు వచ్చి రెండు అడ్జస్టర్ బోల్టులకూ ఆనుతుంది. చక్రాన్ని అలాగే ఒత్తి పట్టుకుని నట్టు బిగించండి. రెంచ్ పిడిని మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా నిదానంగా లాగండి. టక్కుమనగానే ఆగండి. మనశ్శాంతి కోసం ఇంకోసారి లాగే అలవాటు చాలామందికి ఉంది, దాన్ని ఇక్కడే మానుకోండి.

చక్రాన్ని ముందుకు తిప్పితే గుడ్డ బయటికి వస్తుంది. చైను వదులు మళ్లీ కొలవండి. తేడా ఉంటే నట్టు వదులు చేసి మొదటికి రావాలి, తప్పదు. సరిపోతే అడ్జస్టర్ బోల్టులు కదలకుండా పట్టే లాక్ నట్లు బిగించండి. పాత బళ్లలో గాళ్ల నట్టు (తల మీద గాడులు కోసిన నట్టు), దానికి స్ప్లిట్ పిన్ను (గాడిలోంచి ఇరుసు రంధ్రంలోకి దూర్చి కొసలు వంచే పిన్ను) ఉంటాయి. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టును బిగించే వైపే కాస్త తిప్పండి, వెనక్కి ఎప్పుడూ వద్దు.

చివరగా నట్టు మీద నుంచి దిమ్మ మీదికి పెయింటుతో ఒక సన్నని గీత గీయండి. నట్టు జరిగితే గీత విరుగుతుంది, రెంచ్ తీయకుండానే తెలిసిపోతుంది. మొదటి స్వారీ తర్వాత బురద తుడిచి ఆ గీత చూడండి.

ఈ వారం అభ్యాసం: ఇదే నట్టును ఒకసారి గుడ్డ లేకుండా, ఒకసారి గుడ్డతో బిగించి, రెండుసార్లూ చైను వదులు మిల్లీమీటర్లలో రాసుకోండి. గుడ్డతో బిగించినదే బండికి ఉంచండి. ఆ కాగితం దాచుకోండి, వచ్చే పాఠంలో స్పోకుల దగ్గర మళ్లీ పనికొస్తుంది.