నడుం పట్టేస్తే సూదికి పరిగెత్తకముందు ఇవి చేసి చూడండి

ఆదివారం పొద్దున బెంగళూరు కె.ఆర్.పురంలో బస్సెక్కి, హొసకోటె దాటి, మాలూరు రోడ్డులో కాస్త లోపలికి ఉన్న ఒక ఊరికి మూడేళ్లుగా పోతున్నాను. చదివింది ఫిజియోథెరపీ, సొంతూరు మదనపల్లె వైపు. ఆ ఊళ్లో సగం ఇళ్లల్లో తెలుగే, మిగతా సగానికి తెలుగు అర్థమవుతుంది, కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నడుములతోనే. టమాటా, గులాబీ, మల్బరీ తోటల్లో కూలికి పోయేవాళ్లు, ఇటుక బట్టీల్లో చేసేవాళ్లు, తాపీ పనికి వైట్‌ఫీల్డ్ దాకా పోయొచ్చేవాళ్లు. శనివారం కూలి డబ్బులు చేతికి రాగానే ముందు పోయేది సూది వేయించుకోవడానికే.

మొదటి నెలలోనే నేనొక తప్పు చేశాను. కలుపు తీసే ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, నడుం పట్టేసి నిలబడలేకపోతోంది. "వారం రోజులు రెస్ట్ తీసుకో పెద్దమ్మా" అనేశాను. "ఆ వారం కూలి నువ్వు కట్టిస్తావా నాయనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పైగా వైద్యం లెక్కన చూసినా ఆవిడదే రైటు. మామూలు నడుం నొప్పికి ఒకటి రెండు రోజులకి మించి మంచంలో ఉంటే కండ బిగుసుకుపోతుంది, కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే ఇక్కడ రాసేవన్నీ పనికి పోతూనే చేసుకోగలిగినవి.

అన్నిటికంటే ముందు ఒకటి చూసుకోండి. నడుం నొప్పితోపాటు ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినట్టున్నా, కాలి పాదం లేవకుండా ఈడ్చుకుపోతున్నా అది కాపడాలతో పోయేది కాదు, అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. సారవ మీద నుంచో చెట్టు మీద నుంచో పడ్డాక మొదలైన నొప్పి అయినా అంతే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నులో టీబీ కావచ్చు, మన దగ్గర అది అరుదేమీ కాదు. ఎడమ చెయ్యి లాగుతూ ఛాతీ బరువుగా ఉండి చెమటలు పోస్తే దాన్ని కండరాల నొప్పి అనుకుని నూనె రాసుకుంటూ కూర్చోవద్దు.

సూది మీద నాకెందుకింత కోపమంటే, డైక్లోఫెనాక్ లాంటి మందులు నొప్పిని తగ్గిస్తాయి, నిజమే, కానీ ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసే మనిషికి ఖాళీ కడుపు మీద వారానికి నాలుగుసార్లు పడితే అటు కడుపులో పుండు, ఇటు కిడ్నీలకి దెబ్బ. రామనగర కొండల మీది రాబందులు గుర్తున్నాయా? పశువులకి వేసిన ఇదే మందు కళేబరాల్లో మిగిలిపోయి, వాటిని తిన్న రాబందుల కిడ్నీలు పాడై దేశమంతా చచ్చాయి, అందుకే 2006లో పశువులకి వాడటం ఆపేశారు. మనిషి రాబందు కాదు, మనకి అంత తక్కువ మోతాదుతో ప్రాణం పోదు, కానీ ఆ మందు కిడ్నీ మీద పనిచేస్తుందని అర్థం కావడానికి ఈ సంగతి చాలు. ఇంకో మాట, పేరు రాయని పొట్లాల్లో మాత్రలు నెలల తరబడి మింగుతున్నవాళ్లు ఉన్నపళంగా మానేయొద్దు. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టరుకి చూపించి తగ్గించుకోండి. షుగరు, బీపీ మాత్రల జోలికి అసలే పోవద్దు, నేను చెప్పేది నొప్పి మందుల గురించి మాత్రమే.

ఇక అసలు విషయం. కూలి పని ఏదైనా ఒళ్లు రోజంతా ఒకే వైపు వంగుతుంది. కలుపు తీసేవాళ్లు ముందుకి, ద్రాక్ష పందిరి కింద పనిచేసేవాళ్లు మెడ వెనక్కి, చేతులు పైకి. పని బరువు ఎంతో కొంత ఓర్చుకోవచ్చు, ఆ ఒకే వంపులో గంటల తరబడి ఉండిపోవడమే నడుముని పట్టేస్తుంది. కాబట్టి రెండో వైపుకి వంచడమే మందు. సాలు అయిపోయిన ప్రతిసారీ నిలబడండి, కాళ్లు ఎడంగా పెట్టి రెండు అరచేతులూ నడుం వెనక ఆనించి, మోకాళ్లు వంచకుండా, మెల్లగా వెనక్కి వంగి ఆకాశం చూడండి. రెండు క్షణాలు ఆగి మామూలుగా నిలబడండి. అలా ఐదారుసార్లు. అర నిమిషం కూడా పట్టదు, మేస్త్రీ ఏమీ అనడు, అన్నా వినబడనట్టు ఉండండి.

ఇది చేసేటప్పుడు నొప్పి ఎటు పోతోందో కనిపెట్టాలి. పిక్క దాకా లాగే నొప్పి తొడకి, తొడ నుంచి పిరుదుకి, అక్కణ్నించి నడుములోకి వెనక్కి వస్తోందంటే, నడుంలో కాస్త ఎక్కువైనట్టు అనిపించినా సరే, మంచి గుర్తు, కొనసాగించండి. అలా కాకుండా నడుంలోంచి కాలిలోకి దిగిపోతుంటే ఆపేయండి. వయసు మళ్లినవాళ్లలో కొందరికి వెనక్కి వంగితేనే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నాలుగడుగులు నడిచి కూర్చోవాల్సి వస్తుంది, కూర్చుని ముందుకి వంగితే హాయిగా ఉంటుంది. వాళ్లకి వెన్నులో నరాల దారి సన్నబడి ఉంటుంది, వాళ్లు గట్టు మీద కూర్చుని మోకాళ్ల మధ్యకి ముందుకి వంగాలి. ఒకరికి సరిపడింది పక్కవాళ్లకి చెప్పేముందు ఇది అడగండి. మొదట చెప్పిన ఆ కలుపు తీసే పెద్దమ్మ మాత్రం ఇప్పుడు సాలు అయిందంటే చాలు "లేచి వంగండే" అని అందరి మీదా అరుస్తుంది, అందులో వంగకూడని ముసలావిడ కూడా ఉంటే నేను పోయి ఆపాల్సి వస్తోంది.

సాయంత్రం ఇంటికొచ్చాక కాపడం. దీనికి కరెంటు అక్కర్లేదు, హాట్ వాటర్ బ్యాగ్ అక్కర్లేదు. అర కిలో కల్లుప్పు ఇనప పెనంలో పోసి సన్నటి మంట మీద గరిటెతో తిప్పుతూ ఉండండి, ఐదారు నిమిషాలకి చిటపటమంటుంది. దింపి రెండు నిమిషాలాగి, పాత పంచె గుడ్డని నాలుగు మడతలు వేసి అందులో పోసి మూట కట్టండి. ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోండి, పది లెక్కపెట్టేదాకా చెయ్యి తీయకుండా ఉండగలిగితేనే అవతలి మనిషి నడుం మీద పెట్టాలి. ఒకేచోట ఉంచకుండా జరుపుతూ పదిహేను నిమిషాలు. ఆ ఉప్పుని డబ్బాలో దాచుకుని మళ్లీ మళ్లీ వాడొచ్చు. వావిలాకు మరగబెట్టిన నీళ్లతో కాపడం పెట్టేవాళ్లూ ఉన్నారు, చేసుకోండి, నా లెక్కలో పనిచేసేది ముఖ్యంగా వేడి. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాళ్ల మీద కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు, అలా పుండు పడ్డ కాలు ఒకటి నేను చూశాను. అప్పుడే బెణికి వాచిన మడమకి కూడా వేడి కాదు, మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు, పావుగంట చొప్పున.

కాపడం పెట్టి పడుకుంటే సగం పనే అయినట్టు. వేడికి కండ సడలిన ఆ పది నిమిషాల్లోనే ఒళ్లు కదిలించాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకి ఆనించి, నడుం పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించండి, పదిసార్లు. తర్వాత చేతులూ మోకాళ్ల మీద వంగి, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని గుర్రం ఆడతాం చూడండి, అలా ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు ఒకేసారి చాపండి, ఆనక అటుది ఇటు. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. పొద్దున్నుంచీ మోసింది చాలదా, ఇంకా ఎక్సర్‌సైజా అని అందరూ అడుగుతారు. పని వాడుకునేది ఎప్పుడూ అవే కండలని, వెన్నుని పట్టి ఉంచే లోపలి కండకి కావాల్సినంత పని పడదని చెప్తుంటాను. నెలరోజులు చేసినవాళ్లకి అర్థమవుతుంది, వారానికి మానేసినవాళ్లు మళ్లీ సూదికే పోతారు.

నూనెతో మర్దన మంచిదే. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి వెన్నెముక మీద కాకుండా దానికి రెండు పక్కలా బొటనవేళ్లతో కింది నుంచి పైకి. పిల్లల్ని నడుం మీద నడిపించుకునే అలవాటు మాత్రం మానండి, ముఖ్యంగా ఎముకలు గుల్లబారే వయసులో ఉన్న ఆడవాళ్లు. మంగలి షాపులో మెడ టక్కుమని విరిపించుకోవడం ఇంకా ప్రమాదం, మెడలో మెదడుకి పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు.

బరువుల సంగతి. సిమెంటు బస్తా 50 కిలోలు. యూరియా బస్తా 2018లో 45కి తగ్గింది, అది మన నడుం మీద జాలితో కాదులెండి, ఎరువు వాడకం తగ్గించడానికి. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది, అంటే సిమెంటు బస్తా దాదాపు ఆ గీత మీదే ఉంది. నేల మీది బస్తాని ఇద్దరు పట్టి లేపండి, మోసేది ఒకరైనా సరే. బస్తాని ఒంటికి ఎంత దగ్గరగా పట్టుకుంటే అంత మేలు, చేయి చాపి పట్టుకుంటే అదే బరువు నడుం మీద ఎన్నో రెట్లు పడుతుంది. తిరగాల్సి వస్తే నడుం మెలితిప్పకుండా పాదాలు తిప్పండి. తల మీద మోసేవాళ్లు గుడ్డచుట్ట, ఇక్కడ కన్నడంలో సింబె అంటారు, మందంగా పెట్టుకుని గడ్డం లోపలికి లాక్కుని నడవాలి.

ద్రాక్ష పందిరి కింద అయితే గట్టి క్రేట్ మీద నిలబడి, చేతులు భుజాల కంటే మరీ పైకి పోకుండా చూసుకోండి. మోకాళ్లకి, అరుగు మీద కూర్చుని కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టడం, ఒక్కో కాలికి పదిసార్లు. తాపీ పనివాళ్ల మోచేతి నొప్పికి, అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని అరచెయ్యి కిందికి పెట్టి, మణికట్టుని మెల్లమెల్లగా దించడం. దీనికి రెండు మూడు నెలలు పడుతుంది, తొందరపడొద్దు.

నడుం బెల్టు కొనేముందు ఒక్కసారి ఆగండి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలం వేధించే నడుం నొప్పికి ఏం చేయాలో చెప్తూ వ్యాయామం, మర్దన, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం లాంటివి చేయమంది, బెల్టులూ, నడుముని లాగి పట్టే ట్రాక్షన్లూ వద్దంది. ఆ బెల్టు డబ్బుతో ఒక పరుపో, కనీసం ఒక గట్టి బొంతో కొనుక్కోండి. పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టుకుని పడుకోండి.

పిక్కలు పట్టేయడం చాలావరకు అలసట, కాస్త నీళ్ల సంగతి. మజ్జిగలో ఉప్పు వేసుకుని పొద్దున పదకొండింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి తాగండి, రాగి అంబలి ఇంకా మంచిది. నొప్పి తెలియకుండా ఉండాలని వేసే క్వార్టరు ఒంట్లో ఉన్న నీళ్లు కూడా లాగేస్తుంది, రాత్రి మూడింటికి పిక్క పట్టేసి లేస్తే దాని పనే.

ఆరు వారాలు ఇవన్నీ చేసినా తగ్గకపోతే తాలూకా ఆసుపత్రికి, అక్కడా తేలకపోతే జయనగర్ వైపున్న సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ ఆసుపత్రికి పోండి, ప్రభుత్వానిదే. పోయేముందు ఒక కాగితం మీద నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది, వంగితే ఎక్కువా నిలబడితే ఎక్కువా, ఇప్పటిదాకా ఏ మాత్రలు మింగారు అన్నది రాసిపెట్టుకోండి. రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి, ఖాళీ మాత్రల అట్టలు కూడా సంచిలో వేసుకుపోండి.