తీరగ్రామాన్ని చదవడం – 4వ పాఠం: అరోమాన్ష్, ఆటుపోట్ల లెక్క

ఈ పాఠానికి ఒక గ్రాఫు కాగితం, స్కేలు, పెన్సిలు, ఇంటర్నెట్టు, గంటన్నర తీరిక ఉంటే చాలు. పటం స్కేలు, ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), పాత పటాలు ఇంతవరకు విడివిడిగా నేర్చుకున్నాం. ఇప్పుడు వాటిని ఒకే ఊరి మీద పెట్టి చూద్దాం. ఫ్రాన్స్ ఉత్తర తీరాన, నార్మండీలోని కాల్వదోస్ జిల్లాలో, బాయో పట్నానికి ఈశాన్యంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉంది అరోమాన్ష్-లె-బాన్. జనాభా ఐదు వందలకు అటూ ఇటూ. పేరు చివరి ‘లె-బాన్’ అంటే స్నానాలు. సముద్రస్నానం ఆరోగ్యమని పట్నవాసులు తీరాలకు వరసకట్టిన 19వ శతాబ్దపు గుర్తు అది. ఇంత చిన్న ఊరు 1944లో ప్రపంచం నోట ఎందుకు పడిందో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం కథ కంటే ముందు నీటి మట్టం లెక్క రావాలి.

సందు ఎక్కడుంది?

ఫ్రెంచి పటాల సంస్థ ఐజీఎన్ వారి జియోపోర్తాయ్ సైటు తెరిచి, ఊరి పేరు కొట్టి, 1:25,000 పటం పెట్టుకోండి. ఇందులో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఇలాంటి మెరక నేలల్లో ఎత్తు గీతలు సాధారణంగా 5 మీటర్లకు ఒకటి ఉంటాయి. ఊరికి తూర్పున సాన్-కోమ్ గట్టు, పడమర త్రాసీ-స్యూర్-మేర్ వైపు గట్టు వెతకండి. రెండు చోట్లా గీతలు ఒకదాని మీద ఒకటి పడినట్టు సముద్రం అంచున ఇరుక్కుని ఉంటాయి. మధ్యలో మాత్రం అవి లోపలికి వంగుతాయి. ఆ వంపే సందు. నిలువు గట్ల వరసలో నేల నీటి దాకా దిగే చోటు అది. పడవ ఒడ్డుకు లాగాలన్నా, బండి నీటి దాకా దిగాలన్నా అక్కడే వీలు. ఊరు అక్కడే ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కోత బొమ్మ గీయండి. ఒక గట్టు మీది నుంచి ఊరి మీదుగా రెండో గట్టు దాకా సరళరేఖ గీసి, అది ఏ ఎత్తు గీతను ఎక్కడ కోస్తుందో గ్రాఫు కాగితం మీదికి దించండి. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. అడ్డంగా 1 సెంటీమీటరుకు 250 మీటర్లు పెట్టి, నిలువుగా 1 సెంటీమీటరుకు 10 మీటర్లు పెడతారు. అప్పుడు ఎత్తులు 25 రెట్లు సాగి, ఊరు పాతాళంలో ఉన్నట్టు కనిపిస్తుంది. నిలువుగా 1 సెంటీమీటరుకు 50 మీటర్లు పెట్టండి. సాగుడు 5 రెట్లకు తగ్గుతుంది, సందు కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఎన్ని రెట్లు సాగిందో బొమ్మ కింద రాయడం మరవద్దు. అది లేని కోత బొమ్మ తప్పుదోవ పట్టిస్తుంది.

గట్టు ఎందుకు విరుగుతుంది?

ఈ తీరం రాయి మధ్య జురాసిక్ కాలానిది. పైన సున్నపురాయి, కింద సున్నం కలిసిన బంకమన్ను. ఈ బంకమన్నునే మార్ల్ అంటారు. వాననీరు సున్నపురాయి బీటల్లోంచి దిగుతుంది, మార్ల్ దగ్గర ఆగిపోతుంది. కిందికి దారి లేక పక్కకు ఊరి, గట్టు ముఖం మీద ఊటలుగా బయటపడుతుంది. నానిన మార్ల్ మెత్తబడి జారితే, పైనున్న రాయి ఆధారం పోయి పెళ్లలుగా కూలుతుంది. ఊరికి పడమరగా లోంగ్-స్యూర్-మేర్ గట్టు కింద ఇలా పడిన బండల గుట్టను అక్కడివాళ్లు ‘ల కావో’, అంటే గందరగోళం, అంటారు. గట్టును అలలే తినేస్తాయనుకుంటాం. ఇక్కడ పని సగం మీది నుంచి దిగే నీటిదే. అలలు పడిన మట్టిని ఊడ్చుకుపోయి, తర్వాతి కూలుడుకు చోటు చేస్తాయి. అందుకే వానలు జోరుగా కురిసిన తర్వాత గట్టు అంచున గానీ, దాని కింద గానీ నడవకూడదు.

పట్టిక చదవడం

ఈ పాఠానికి గుండెకాయ ఇదే, తొందరపడకండి. నీరు ఎక్కడం పోటు, దిగడం పాటు. మన కోస్తాలో ఈ తేడా తక్కువ కాబట్టి దాని బలం సరిగా ఊహకు రాదు. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో నీరు సుమారు ఆరు మీటర్లు ఎక్కి దిగుతుంది. రెండంతస్తుల మేడంత ఎత్తు, రోజుకు రెండుసార్లు.

ఫ్రెంచి ఆటుపోట్ల పట్టికలో ప్రతి పోటు పక్కనా 20 నుంచి 120 దాకా ఒక అంకె ఉంటుంది. దాన్ని గుణకం అందాం. 45 అంటే సగటు చిన్న పోటు, 95 అంటే సగటు పెద్ద పోటు. బ్రెస్త్ రేవును ఆధారం చేసుకుని వేసిన అంకె అది, దేశమంతటా అదే వాడతారు. మన పంచాంగం చేతిలో ఉంటే గుణకం పెరిగే రోజులు మీరే చెప్పొచ్చు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటిన్నర రోజుకు పెద్ద పోటు, అష్టమి దాటాక చిన్న పోటు. తిథి నాడే పెద్ద పోటు వస్తుందనుకోవడం పొరపాటు. సముద్రం కొంత ఆలస్యంగా స్పందిస్తుంది.

గంట గంటకూ నీరెంత పెరుగుతుందో తెలుసుకోవడానికి నావికులు పన్నెండో వంతు లెక్క వాడతారు. లెక్క కోసం పాటు 6 గంటలకు 1 మీటరు, పోటు 12 గంటలకు 7 మీటర్లు అనుకోండి. తేడా 6 మీటర్లు, పన్నెండో వంతు అర మీటరు. మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. అంటే 7 గంటలకు 1.5, 8కి 2.5, 9కి 4, 10కి 5.5, 11కి 6.5, 12కి 7 మీటర్లు. ఎనిమిదికీ పదికీ మధ్య నీరు మూడు మీటర్లు ఎక్కిందని గమనించండి. గట్టు కింద నడిచేవాళ్లు చిక్కుకునేది ఆ రెండు గంటల్లోనే. మొదటి గంట చూసి, ‘నెమ్మదిగానే వస్తోందిగా’ అనుకుంటారు.

ఈ లెక్క తప్పే చోట్లు రెండు. ఈ తీరం ఉన్న సేన్ అఖాతంలో పోటు నిండాక నీరు వెంటనే దిగదు, కాసేపు నిలబడుతుంది. లె ఆవ్ర్ దగ్గర ఈ నిలకడ మరీ ఎక్కువ. పైగా ఎక్కే సమయం, దిగే సమయం కంటే తక్కువ. కాబట్టి పన్నెండో వంతు లెక్క అంచనాకే, ప్రాణం మీది నిర్ణయాలకు కాదు. రెండోది గడియారం. ఫ్రెంచి అధికారిక పట్టికలో ఏడాది పొడవునా శీతాకాలపు సమయమే ఉంటుంది. వేసవిలో గంట కలపాలి. ఊళ్లో పంచే కరపత్రాల్లో మాత్రం చాలాసార్లు ముందే కలిపి ఉంటుంది. పట్టిక తలమీద రాసింది చదవకుండా గంట కలిపినా, మానినా లెక్క తిరగబడుతుంది.

రెండు సున్నాలు

నేల పటానికి సున్నా మార్సెయ్ రేవులో కొలిచిన సగటు సముద్ర మట్టం. పోట్ల పట్టికకు సున్నా అంతకంటే ఎంతో కిందిది. నీరు అంతకంటే దిగడం దాదాపు ఉండదనే మట్టం అది. ఈ తీరంలో రెండింటికీ తేడా నాలుగు మీటర్లకు అటూ ఇటూ. కాబట్టి పట్టికలోని 7 మీటర్ల పోటు మీ కోత బొమ్మలో సుమారు 3 మీటర్ల దగ్గర పడుతుంది. 1 మీటరు పాటు సున్నాకు 3 మీటర్లు కిందపడుతుంది. నాలుగు తీసేయకుండా గీస్తే బొమ్మలో ఊరి వీధులు రోజూ మునుగుతాయి! కోత బొమ్మ మీద నీలం పెన్సిలుతో ఈ రెండు గీతలూ గీయండి.

ఆ రెండు గీతల మధ్య మేర ఎంత పొడవో చూద్దాం. ఇసుక 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిందనుకుంటే, ఆరు మీటర్ల తేడాకు 300 మీటర్ల నేల బయటపడుతుంది. పోటు సమయంలో ఒడ్డు చేరిన ఓడ ఆరు గంటల తర్వాత నీటికి 300 మీటర్ల దూరంలో ఇసుక మీద కూర్చుంటుంది. ఒడ్డున కదలని వంతెన కడితే రోజులో కొంతసేపే పనికొస్తుంది.

ఈ లెక్క మీద కట్టిన రేవు

1942 ఆగస్టు 19న, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రెంచి రేవు దియెప్ మీద జరిగిన దాడి ఘోరంగా విఫలమయ్యాక, కోటలాంటి రేవును నేరుగా పట్టుకోవడం కష్టమని మిత్రదేశాలకు తెలిసొచ్చింది. రేవు లేనిదే సైన్యానికి తిండి, ఇంధనం అందవు. అయితే రేవునే వెంట తీసుకెళ్లాలి. అదే ఏడాది మే 30న బ్రిటన్ ప్రధాని చర్చిల్ రాసిన చీటీలో అసలు షరతు ముందే ఉంది: వంతెనలు పోటుతో పాటు లేచి దిగాలి. మీరు గీసిన రెండు నీలం గీతలే ఆ షరతుకు మూలం.

మిత్రదేశాల సైన్యాలు నార్మండీ తీరంలో దిగిన 1944 జూన్ 6 జ్యేష్ఠ పౌర్ణమి, మన ఏరువాక పున్నమి. రాత్రి వెన్నెల, తెల్లవారగానే అడుగు పాటు, రెండూ కుదిరే రోజులు చాలా తక్కువ. అడుగు పాటులో ఇసుకలో పాతిన అడ్డంకులు బయటికి కనిపిస్తాయి, పెరిగే నీరు ఇరుక్కున్న పడవలను మళ్లీ తేలుస్తుంది. వాళ్లు పెట్టుకున్న మారుపేర్లతో చెబితే, ఒమాహా తీరంలో 6:30కి, ఈ ఊరున్న గోల్డ్ తీరంలో 7:25కి, నీటి కింద బండలున్న జూనో తీరంలో 7:45కి దిగారు. ఒక్కో చోటి నీటిని బట్టి గడియారం మార్చారన్నమాట. సైనికులు అరోమాన్ష్ ముందర దిగలేదు. తూర్పున ఆనెల్ దగ్గర చదును ఇసుకలో దిగి, గట్టు మీదుగా నడిచి వచ్చి ఆ రోజే ఊరిని పట్టుకున్నారు. సాన్-కోమ్ గట్టు మీద జర్మన్ రాడార్ ఉండేది. మీ కోత బొమ్మలో అతి ఎత్తైన చోటును చూస్తే ఆ ఎంపిక అర్థమవుతుంది.

తర్వాత అరోమాన్ష్ ముందుకు రేవు ముక్కలు వచ్చాయి. ముందు పాత ఓడలను వరసగా ముంచి అలలను ఆపారు. వాటికి కలుపుతూ ఫీనిక్స్ అనే కాంక్రీటు పెట్టెలను ఇంగ్లండు నుంచి లాక్కొచ్చి, లోపలికి నీరు వదిలి అడుగున కూర్చోబెట్టారు. అన్నీ ఒకే కొలత కాదు, లోతును బట్టి ఆరు రకాలు. అన్నింటికంటే పెద్దది 60 మీటర్ల పొడవు, 18 మీటర్ల ఎత్తు, సుమారు 6,000 టన్నులు. ఆ 18 ఎందుకో మీరే కట్టి చూడండి. పట్టిక సున్నాకు 9 మీటర్ల లోతున్న చోట 7 మీటర్ల పోటు వస్తే నీరు 16 మీటర్లు. మిగిలిన రెండు మీటర్లే అలకు అడ్డు. దీనికంటే నాలుగు మీటర్లు పొట్టి పెట్టెను అక్కడ దించి ఉంటే పోటు రాగానే మునిగిపోయేది.

లోపలి వేదికలకు నాలుగేసి ఉక్కు కాళ్లు. కాళ్లు అడుగున నిలబడితే, వేదిక వాటి మీదుగా నీటితో పాటు లేస్తుంది, దిగుతుంది. వేదిక నుంచి ఒడ్డుకు తేలే తొట్ల మీద పరిచిన రోడ్డు. ముక్కలు ఒకదానికొకటి ఒరిగే వీలుతో కలిపినవి కాబట్టి నీరు దిగినా విరగలేదు.

జూన్ 19 నుంచి 22 దాకా ఈశాన్య తుఫాను చెలరేగింది. తీరం ఉత్తరానికి తెరిచి ఉందని పటంలో చూశారు, దెబ్బ నేరుగా తగిలింది. ఒమాహా తీరంలో, సాన్-లోరాన్ దగ్గర కట్టిన అమెరికన్ల రేవు పనికిరాకుండా పోయింది. బయట తేలే ఉక్కు అడ్డుగోడలు తెగి వచ్చి కూడా నష్టం చేశాయి. అరోమాన్ష్ రేవు దెబ్బతిన్నా నిలిచింది. ముందున్న కాల్వదోస్ బండల వరస అలను కొంత విరిచింది. కూలిన రేవు ముక్కలతోనే దీన్ని బాగుచేశారు. ఒమాహాలో మాత్రం పాటు సమయంలో ఓడలను ఇసుక మీదే కూర్చోబెట్టి, సరుకు దించి, పోటుతో మళ్లీ తేల్చారు. ఇంతసేపు అడ్డంకిగా చూసిన పోటును అక్కడ పనివాడిగా వాడుకున్నారు. ఈ సంగతి రేవు గొప్పదనం చెప్పేటప్పుడు చాలామంది వదిలేస్తారు.

పాత పటాలు, పాత కథలు

అదే సైటులో 18వ శతాబ్దపు కాసీనీ పటం కూడా దొరుకుతుంది, స్కేలు 1:86,400. చర్చి గోపురాల స్థానాలకు అది నమ్మదగింది, కొలిచి వేసినవి. గోపురాల మధ్య తీరరేఖ మాత్రం చేతి గీత. దాన్ని నేటి పటం మీద పరిచి, గట్టు ఇన్ని మీటర్లు వెనక్కి పోయిందని తేల్చకండి. ఒక సెంటీమీటరులో 864 మీటర్లున్న పటంలో పెన్సిలు గీత మందమే నలభై మీటర్లు మింగుతుంది. గట్టు కోతకు 1950ల నాటి విమాన ఫోటోలు వాడండి.

పేర్ల విషయంలోనూ అంతే జాగ్రత్త. 1588లో ఇక్కడి బండలకు కొట్టుకున్న సాల్వదోర్ అనే స్పెయిన్ ఓడ నుంచి కాల్వదోస్ పేరు వచ్చిందని చెబుతారు. ఆ ఏడాది ఇంగ్లండు మీదికి వెళ్లిన స్పెయిన్ ఓడల దండులోని సాన్ సాల్వదోర్ పేలుడులో దెబ్బతిని ఇంగ్లిష్ వాళ్ల చేతికి చిక్కింది, ఈ ఒడ్డుకు రాలేదు. బోడి వీపులు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. సముద్రం నుంచి చూసే నావికుడికి చెట్లు లేని గట్టు అలాగే కనిపిస్తుంది.

అభ్యాసం

పాటు 5:40కి 1.6 మీటర్లు, పోటు 11:40కి 6.4 మీటర్లు. మీరు 8:40కి గట్టు కింద నడవడం మొదలుపెట్టారు. దారిలో ఒక బండ పట్టిక సున్నాకు 4.8 మీటర్ల ఎత్తున ఉంది, దాన్ని దాటితే గానీ సందులోకి రాలేరు. పన్నెండో వంతు లెక్కతో నీరు ఆ బండను ఎప్పుడు చేరుతుందో కట్టండి. తర్వాత అదే నీటి మట్టాన్ని మీ కోత బొమ్మ మీద, నేల పటం సున్నాతో గుర్తించండి. వచ్చిన సమయంలోంచి ఎంత ముందుగా బండ దాటాలనుకుంటున్నారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది.