చిన్న కళాశాలలో భూగర్భశాస్త్రం చదివే తీరు

రాయలసీమలోని ఒక చిన్న కళాశాలలో భూగర్భశాస్త్రం తీసుకున్న విద్యార్థికి ఇద్దరు అధ్యాపకులు, ఒక మైక్రోస్కోపు, అద్దాల బీరువా నిండా నమూనా రాళ్లు మాత్రమే దొరకవచ్చు. వాటితోనే చాలా దూరం పోవచ్చు.

ముందు ఆ బీరువాతో మొదలుపెట్టండి. చీటీ చూడకుండా రాయిని చేతిలోకి తీసుకొని, బరువు, మెరుపు, విరిగిన తీరు గమనించి, చాకుమొనతో గీయండి. కాల్సైట్ మీద గీత పడుతుంది. క్వార్ట్జ్ మీద పడకపోగా చాకు ఉక్కే అరిగి బూడిదరంగు చారగా మిగులుతుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడగానే సున్నపురాయి బుసబుసమని పొంగుతుంది, డోలమైట్‌ను మాత్రం పొడి చేస్తేగాని అంతగా పొంగదు. వంటగట్టుకు వాడే నల్లటి కడప రాయిపై నిమ్మరసం పడినచోట తెల్లమచ్చ మిగలడానికి కారణం, అది కూడా సున్నపురాయి కావడమే.

తరువాత కొండల వద్దకు వెళ్లాలి. తిరుమల కొండల్లో పాత గ్రానైట్, నైస్ (చారల రూపాంతర శిల) శిలల మీద కడప శిలాసమూహపు క్వార్ట్జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి) పొరలు నేరుగా కూర్చున్నచోట, ఆ రెంటి మధ్య కోట్లాది సంవత్సరాల చరిత్ర లోపించిందని ఒక గీతే చెబుతుంది. అది రక్షిత ప్రదేశం కనుక అక్కడ సుత్తి తీయకూడదు. పొర వాలును కొలవడానికి మొదట దాని మీద కాసిని నీళ్లు పోయండి: నీరు జారిన దిక్కు డిప్, దానికి లంబంగా పొర మీద గీసిన క్షితిజ సమాంతర రేఖ స్ట్రైక్. వాలు కోణం కూడా కొలిచే దిక్సూచి అయిన క్లైనోమీటర్ కంపాస్‌ను ఆ రేఖకు ఆనించి చదవాలి. నా మొదటి క్షేత్రయాత్రలో నడుముకు ఇనుప సుత్తి తగిలించుకొనే కొలతలు తీశాను. సూది పక్కకు లాగడంతో ఆ రోజు కొలతలన్నీ కొట్టివేయవలసి వచ్చింది.

నోటుపుస్తకంలో పెన్సిలుతోనే రాయండి, వానకు సిరా కరిగిపోతుంది. తేదీ, స్థలం, పక్కన స్కేలు చూపే బొమ్మ తప్పనిసరి. నమూనాను సంచిలో వేయకముందే దాని మీద సంఖ్య వేయాలి, సాయంత్రానికి ఏది ఎక్కడిదో గుర్తుండదు.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థవారి భూకోశ్ పోర్టల్‌లో మీ ప్రాంతపు పటాలు ఉన్నాయి. యాత్రకు ముందు వాటిని చూసుకోండి. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష అయిన జామ్‌లో జియాలజీ పేపరు ఉంది. యూపీఎస్సీ జియోసైంటిస్ట్ పరీక్షకు పీజీ అవసరం కనుక, దాని సంగతి తరువాత చూసుకోవచ్చు.