నేల తేమ సెన్సర్ బ్యాటరీ త్వరగా అయిపోతోందా?

చిత్తూరు దగ్గర మా తోతాపురి తోటలో పెట్టిన సెన్సర్లతో తెలిసొచ్చిన సంగతి ఇది. సెన్సర్‌ను నడిపే ఈఎస్‌పీ32 చిప్ డీప్ స్లీప్‌లో, అంటే పని లేక నిద్రపోయేటప్పుడు, మైక్రో ఆంపియర్లే తీసుకుంటుంది, కానీ బోర్డు మీద ఎప్పుడూ వెలిగే ఆ చిన్న ఎర్ర ఎల్ఈడీ, పక్కనే తేమ సెన్సరు కలిసి రాత్రింబవళ్లు మిల్లీ ఆంపియర్లు లాగేస్తుంటాయి. ఎల్ఈడీని పీకేయండి. ఆ తేమ సెన్సరు (కెపాసిటివ్ రకం) పవర్ వైరును జీపీఐఓ పిన్నుకు, అంటే చిప్ తనే ఆన్, ఆఫ్ చేయగల పిన్నుకు కలిపి, రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే ఆన్ చేసి, క్షణం ఆగి చదవండి. ఇంకోటి, మట్టిలో దిగే సెన్సరు పూత లేని అంచులు నీళ్లు పీల్చుకుని రీడింగ్ తప్పుతుంది, అందుకే గుచ్చే ముందు గోళ్ల రంగు రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వండి. రీడింగులను రేడియోలో దూరానికి పంపే లోరా మాడ్యూల్ కొనేటప్పుడు 865–867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేదే అడగండి, మన దేశంలో దానికి లైసెన్స్ అక్కర్లేదు.