కొండదారి పాఠాలు – 3: పడుకునే ఎత్తు

మెట్ల సాధన సాగుతోందా? మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పద్నాలుగు అంతస్తులూ నేను బ్యాగు తగిలించుకుని ఎక్కుతుంటే, "లిఫ్ట్ బాగానే ఉంది సార్" అని వాచ్‌మన్ ఇప్పటికీ గుర్తుచేస్తుంటాడు. కాళ్లకు ఆ సాధన చాలు. ఊపిరికి మాత్రం చాలదు.

బెంగళూరు ఉన్నది దాదాపు 920 మీటర్ల ఎత్తులో. వారం వారం నంది కొండ ఎక్కినా 1,478 మీటర్లే. హిమాచల్‌లో ట్రెక్కింగ్‌కు వెళ్లే హంప్టా పాస్ అనే కనుమ సుమారు 4,270. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి పడిపోవడంతో ఒక్కో శ్వాసకు అందేది సముద్రమట్టంలో అందేదాంట్లో 60 శాతం. ఆ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో వండితే అన్నం పలుకుగానే ఉంటుంది. బియ్యానికైతే కుక్కరుంది. మన ఒంటికి ఆ పలుచని గాలి అలవాటు కావాలంటే, కొద్దికొద్దిగా ఎత్తు పెంచుకుంటూ పడుకునే రాత్రులే దిక్కు.

అందుకే లెక్క పడుకునే చోటుది. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటికంటే 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. పగలు ఇంకా పైకి వెళ్లి, దిగి పడుకుంటే మరీ మంచిది.

ఈ లెక్క తెలియని రోజుల్లో నేను రాత్రి ఇక్కడ విమానమెక్కి, పొద్దున్నే 3,500 మీటర్ల లేహ్‌లో దిగాను. పది కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణన్న ధీమాతో సాయంత్రానికే ఓ గుట్ట ఎక్కాను. రాత్రంతా తలనొప్పి, వాంతులు. పార్కులోనైనా నడవని మా బావ మాత్రం గదిలో ముసుగు తన్ని పడుకుని, లేచి హాయిగా తుక్పా (నూడుల్స్ సూప్) తాగాడు.

తలనొప్పికి వికారమో, నీరసమో, కళ్లు తిరగడమో తోడైతే ఎత్తు పడలేదని అర్థం, పైకి వెళ్లకండి. తగ్గకపోతే దిగండి. కూర్చున్నా ఆయాసం, తడబడే నడక, మాటలో తికమక కనిపిస్తే అర్ధరాత్రైనా సరే, తోడు ఇచ్చి కిందికి దించాల్సిందే. ఎత్తుకు అలవాటు పడటానికి తోడ్పడే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడిగే వేసుకోండి. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. మాత్ర ఉంది కదా అని ఒక క్యాంపు ఎగరేస్తామంటే కుదరదు.

ఇంటిపని. హాల్లో టైల్స్ గీత మీద మడమకు వేళ్లు ఆనిస్తూ పది అడుగులు వేయండి, మీతో వచ్చేవాళ్లతోనూ వేయించండి. ఇక్కడి నడక తెలిస్తేనే అక్కడి తూలుడు పట్టగలరు. తర్వాత మీ దారిలోని క్యాంపుల ఎత్తులు రాసి, 3,000 మీటర్ల పైన తేడా 500 దాటినచోట ఎర్ర పెన్నుతో చుట్టండి. కాగితం పారేయకండి, వచ్చే పాఠంలో దానితోనే పని.